బెత్తెడు

ప్రకటనలో రాసిన అర్హతలు:
మాత్రికలు, సంభావ్యత, కాస్త ప్రోగ్రామింగ్,
జట్టులో కలిసిపోయే గుణం.
నవంబరు వానలో ఫెర్రీ స్తంభం ఎక్కాలని రాయలేదు.
టేపు కొస పళ్ల మధ్య కరిచిపట్టి
ఇనుప నిచ్చెనను ఒంటిచేత్తో కావలించుకుని
వెస్టరోలెన్ దీవుల మధ్య
నా ఇంటర్న్‌షిప్ మొదలైంది.

కింద నుంచి హాల్గెయిర్ అరిచాడు, "ఎంత?"
గాలి ఆ మాటను సముద్రంలో పడేసింది.
పెదాలు చూసి అంకె చెప్పాను.
తడి కాయితం మీద రాసుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికే చీకటి.
కాఫీ గదిలో చెప్పాడు:
"నువ్వెక్కడున్నావో మూడు ఉపగ్రహాలు చెబుతాయి ఈడున్.
నీ గడియారం ఎంత అబద్ధమాడుతోందో నాలుగోది చెబుతుంది.
అది లేకపోతే మొదటి మూడూ దండగ."
బిస్కెట్టు ముంచాడు. విరిగి కప్పులో మునిగింది.
దాని స్థానం మాత్రం మాకు కచ్చితంగా తెలుసు.

పదకొండు రోజులు లెక్కలొచ్చాయి.
పదకొండు రోజులూ ఫెర్రీ
సముద్రానికి బెత్తెడు ఎత్తున నడిచింది.
కార్లూ, ఎండుచేపల లారీలూ,
పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే పిల్లలూ,
క్యాంటీన్లో వాఫుల్స్ పోసే సోల్‌ఫ్రిడ్,
అందరూ గాల్లోనే అటూ ఇటూ తిరిగారు.
ఒక్కరికీ కాలికింద తేడా తెలియలేదు.
రేవు గోడకున్న ఆటుపోట్ల కొలబద్ద ఒక్కటే
ఒప్పుకోనంది.

తప్పు దొరికింది నాకే, రాత్రి పన్నెండున్నరకి.
యాంటెన్నాలో సంకేతం దిగే చోటు
ఇనుములో లేదు, మరలో లేదు,
వేలు పెట్టి చూపించలేం.
పళ్లెం అడుగుకి పైన, ఖాళీలో, ఎక్కడో ఉంటుంది.
నేను టేపును
కంటికి కనబడిన చోటే ఆపేశాను.

నాలుగు వేళ్లు తెరకి ఆనించి చూసుకున్నాను.
ఇంతే.
ఇంతకే
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

పొద్దున నివేదికలో రాశాను:
లోపం ఏడు సెంటీమీటర్లు. కారణం: నేను.
హాల్గెయిర్ కళ్లజోడు పైకి నెట్టి చదివాడు.
"నేను" కొట్టేశాడు.
"ఎక్కడి నుంచి కొలవాలో చెప్పలేదు" అని రాసి
కింద తన పేరు పెట్టాడు.
తర్వాత తిట్టాల్సినంతా తిట్టాడు,
అది నివేదికలో లేదు.

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి
"నాది పద్దెనిమిది మీటర్లు," అన్నాడు.
"మొదటి ఏడు. ఒక దీపస్తంభాన్ని
పటంలో చర్చి లోపల నిలబెట్టాను.
పాస్టరుగారు ఇప్పటికీ పలకరిస్తాడు."

వసంతంలో శాశ్వత ఉద్యోగాల దరఖాస్తులట.
"మీరు సాధించినవి" అనే గడి
ఇంకా ఖాళీగానే ఉంది.

ఆ సాయంత్రం లెక్క దిద్ది మళ్లీ నడిపాను.
తెర మీద ఫెర్రీ
ఒక్క కుదుపైనా లేకుండా
నీళ్ల మీదికి దిగింది.
ఉండబట్టలేక కెప్టెన్ టూరిడ్‌కి ఫోన్ చేసి చెప్పాను,
ఇన్నాళ్లూ మీరు గాల్లో నడిపారని.

కాసేపు ఊరుకుంది.
"మరి డీజిలెందుకు అంత తాగింది?" అంది.