మూడో మడత

దీపం కిందికి దించుకుని
కెజియా గౌను తిరగేశాను.
దానికి నాలుగో ఏడు నిండని డిసెంబరులో
మూడు మడతలు పెట్టి కుట్టాను దీన్ని.
పాలకొల్లు సంతలో ముక్కల లెక్కన కొన్న సిల్కు,
వంకాయ రంగు.
కొలిచేటప్పుడు కొట్టువాడు బొటనవేలు జరిపాడని
ఇప్పటికీ నా అనుమానం.

"పెరిగే పిల్ల, వదులుగా కుట్టవే" అన్నారు అందరూ.
వదులుగా కుడితే భుజాలు జారతాయి,
గౌను పిల్లని తొడుక్కున్నట్టుంటుంది.
అందుకే మడతలు,
ఏడాదికొకటి విప్పుకునేలా.
బ్యాంకు పుస్తకం లేని పొదుపు.

మొదటిది విప్పినప్పుడు
ఉతుకు తగలని రంగు, ఎండ చూడని రంగు
గౌను చుట్టూ గీతలా బయటపడింది.
రెండోది విప్పితే ఇంకో గీత.
మా వంటింటి గోడ మీద
గోదారి వచ్చి వెళ్ళిన ఏళ్ళు ఇలాగే ఉంటాయి,
ఎన్నిసార్లు సున్నం కొట్టినా.

ఈ రాత్రి మూడోది.
బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపాను.
ఇక మడతల్లేవు.
గౌను మాత్రం మోకాలు దాటలేదు.

అరుగు మీద ప్రభుదాసు
నక్షత్రానికి బద్దలు చీలుస్తున్నాడు.
పాత చేపలబుట్ట విప్పిన వెదురు,
తడిపితే చాలు, సావిడాయల వాసన.
మైదా ఉడికించి చిటికెడు మైలుతుత్తం కలిపాను,
పండగ మనకి గానీ బొద్దింకలకి కాదుగా.
చిన్నది దీవెన ముక్కు మీద
అప్పుడే ఇంత జిగురు.
గులాబి కాగితం నాలుగు కోణాలకే సరిపోయింది.
ఐదోదానికి నేను పెట్టె వెతికి
గౌను కత్తిరింపుల్లో మిగిలిన ముక్క ఇచ్చాను.
"సిల్కు అంటుతుందా?" అన్నాడాయన.
అంటింది. కొంచెం అలిగినట్టు ముడుచుకుని.

అత్తయ్య అల్లిక ఆపదు.
దారం తూచి ఇస్తారు, అల్లింది తూచి తీసుకుంటారు,
ఆ రెండు తూకాల మధ్య ముప్పై ఏళ్ళు.
ఏ దేశాల బల్లల మీద పరుచుకున్నాయో ఆ పువ్వులు.
మా బల్ల మీద పోయినేడు కేలండరు.
ఏజెంటు మంగతాయారు గారు వేలు పెట్టి చూపించి
వెనక్కి తోసినవే
మాకు మిగిలేవి.

అలాంటిదొకటి, మూడు మూరలు,
ట్రంకుపెట్టె అడుగు నుంచి లాగి
నా ఒళ్ళో పడేసింది.
"గీతల మీద వేసెయ్. కనబడవు."

మూడు గీతలు. లేసు ఒక్కటి.
ఏది దాచను?
పడవ ఇంజను అమ్మేసిన ఏడాదా?
బడి వరండాలో పదకొండు రాత్రులు పడుకుని
పిల్లలిద్దరినీ ఈ గౌనులోనూ, నా పైటలోనూ చుట్టిన ఏడాదా?
ఇంకా పేరు పెట్టని ఈ ఏడాదా?
లేసు అటూ ఇటూ పెట్టి చూస్తున్నాను.
సూదిలో దారం ఎండిపోతోందని
అత్తయ్య వేళాకోళం.

కెజియా నిద్రకళ్ళతో వచ్చి నిలబడింది.
చూసింది.
"అట్టడుక్కి కుట్టమ్మా.
పొడుగవుద్ది."

నలభై ఏళ్ళ బుర్రలు రెండు, ఆ ఇంట్లో.
ఒక్కదానికీ తట్టలేదు.

తెల్లారగట్ల పూర్తయింది.
మూడు గీతలూ బయటే ఉన్నాయి,
వాటి కింద తెల్లగా, మోకాలి మీదుగా
తూకానికి నిలవని పువ్వులు.
నక్షత్రం వెలిగించారు.
నర్సాపురం రేవు దాటే పంటు మీంచి చూసేవాళ్ళకి
నాలుగు గులాబి కొసలు, ఒక వంకాయ కొస.
ఆ కొస వైపు వెలుగు కాస్త తక్కువ.

"ఇది నాకెప్పుడిస్తావ్?" అని దీవెన ఏడుపు.
"ఇస్తాలేవే, మళ్ళీ మూడూ మడిచి."
"నేనివ్వను" అంది కెజియా,
గౌను అంచు పట్టుకుని
పువ్వు పువ్వుకీ వేలు జరుపుతూ.
పదకొండో పువ్వు దగ్గర ఆగింది.

"నాన్నమ్మా, ఇక్కడ ఒక గొలుసు లేదు."

అత్తయ్య తలెత్తలేదు.
"ఆ రోజు నిద్రొచ్చిందే."