పది ముళ్ళకో రాండు

ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది, పల్లేరు.
కారూ ఎడారంచున మా ఊళ్ళో దాని పేరు దుబ్బెల్కీ.
మా అమ్మమ్మ కాలంలో ఓ చిల్లర నాణేనికీ అదే పేరు.
ఎవరు పెట్టారో గానీ
లెక్క తెలిసినవాళ్ళే అయ్యుంటారు.

నా కరెంటు కుర్చీ బరువు నూట పది కిలోలు.
నా బరువు మీకెందుకు.
వెనక రెండు గాలి టైర్లు, ముందు రెండు బుల్లివి.
పింఛను రోజున, సరిగ్గా పోస్టాఫీసు ముందు,
వెనక కుడిది ఉస్సుమంది.
వరుసలో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు.
నేను కాదన్నట్టు నేనూ పక్కకు చూశాను.

"గట్టి టైరు వేయించుకో, హెస్టరాంటీ," అన్నాడు సైకిల్ షాపు డెంజిల్.
"లోపల గాలే లేకపోతే పోయేదేముంది?"
నిజమే కదా. వేయించుకున్నాను.
ముళ్ళు వచ్చాయి, గుచ్చాయి,
లోపల ఎవరూ లేరని తెలిసి
అక్కడే కాపురం పెట్టాయి.

కానీ చర్చి వీధి రాళ్ళు!
గాలి టైరు మీద దారి గుసగుసలాడేది.
గట్టి టైరు మీద ప్రతి గులకరాయీ
నా నడుముకు తన పేరు చెప్పి మరీ పోయేది.
మూడు వారాల్లో
నడుముకు వీధంతా కంఠతా వచ్చేసింది.

మళ్ళీ వెళ్ళాను.
"ముందువి గట్టివే ఉండనీ. వెనక నా గాలి నాకిచ్చెయ్."
డెంజిల్ వాదించలేదు.
ట్యూబులో పచ్చటి జిగురు పోశాడు,
టైరుకూ ట్యూబుకూ నడుమ దళసరి పట్టీ పరిచాడు.
రిమ్ము రెండు చిప్పలుగా విడిపోయే రకం.
బోల్టు ముట్టుకునే ముందే గాలి చుక్క మిగలకుండా తీసేశాడు.
"ఇది మరిచినవాడికి," అని
ఎడమ చేతి తొడుగు విప్పి చూపించాడు.
నాలుగే వేళ్ళు.
ఇన్నేళ్ళుగా ఆ తొడుగెందుకో నేనడగనే లేదు.

బూడిద రంగుదైతే గచ్చు మీద గీతలు పడవట.
నల్లదే ఇమ్మన్నాను, ఎక్కువ మన్నుతుంది.
నా గచ్చు మీద గీతలకు తిట్టేదెవరు?
నేనే. తిట్టుకుంటాను.

ఇక కాపలా.
సోమవారం సోమవారం గాలి కొలుస్తాను, రెండుపక్కలా ఒకటే అంకె.
కుడిది తగ్గితే కుర్చీ కుడికే లాగుతుంది,
కుడిపక్కన నా మాజీ మొగుడి ఇల్లు.
మధ్యాహ్నాలు నీడలో నిలుపుతాను,
ఈ ఎండకు రబ్బరు పెదవుల్లా పగులుతుంది.
సాయంత్రం పక్కింటి చాడ్‌విన్ వస్తాడు,
తొమ్మిదేళ్ళు, చేతిలో పట్టకారు.
ముల్లు లోతుకు దిగకముందే లాగెయ్యాలి.
పది ముళ్ళకో రాండు.

మంగళవారం నలభై.
బుధవారం యాభై మూడు, మూడు బాకీ.
గురువారం నాకు జ్వరం, కుర్చీ గడప దాటలేదు.
ఆ సాయంత్రం అరవై.

డబ్బా గలగలలాడించాడు గానీ
నా కళ్ళలోకి చూడలేదు.
ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని,
దొంగ లెక్క నాకు వాసనొస్తుంది.
"ఎక్కడివిరా ఇవి?"
"పోస్టాఫీసు దారిలోవి."
కాసేపాగి, ఇంకాస్త గట్టిగా:
"గుచ్చుకున్నాకే తియ్యాలని నువ్వు చెప్పలేదుగా!"

ఆరు రాండ్లు లెక్కపెట్టి ఇచ్చాను.

శనివారం బయటికొచ్చాను.
టైర్ల కింద దారి మళ్ళీ ఏదో చెబుతోంది, మెల్లగా,
సగమే వినబడుతోంది, ఆ సగం చాలు.
మలుపు తిరిగేసరికి
దారి పొడుగునా వంగిన వీపులు, ఒకటి కాదు, ఐదు,
ఒక్కొక్కరి పక్కన ఒక్కో జామ్ డబ్బా.
చాడ్‌విన్ నిలబడి అజమాయిషీ చేస్తున్నాడు.

ఈ లెక్కన నెలాఖరుకు నా పింఛనంతా దుబ్బెల్కీలే.
ఇరవైకో రాండంటే
ఒప్పుకుంటారో, లేదో.