ఐదు వేలు

ఫోర్ట్ కెంట్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
సెయింట్ జాన్ నది మీద మంచు
పగలాలా వద్దా అని తేల్చుకోలేక గుర్రుమంటూ ఉంటుంది.
ఇనప సామాన్ల కొట్టు పైన నా గది.
మెట్లెక్కి వచ్చేవాళ్ల బూట్లకి ఉప్పూ బురదా.

రెనో సీర్ వచ్చాడు, బంగాళాదుంపల రైతు.
అతను చేతులు పెడితే
నా బల్ల చిన్నదైపోయింది.
ఎనభై వేలకి కొన్న నలభై ఎకరాలు
యాభై వేలకి వదిలేశాడట.
"ముప్పై నష్టం. రాయి."

ఎవరికి అమ్మారు, అన్నాను.
అడగక తప్పని ప్రశ్న.
చాలాసేపు కిటికీలోంచి చూసి
"డెల్ఫీన్‌కి" అన్నాడు.

కలానికి మూత పెట్టాను.

తోబుట్టువుకి అమ్మిన నష్టం చెల్లదని
ఎలా చెప్పాలో ఇన్నేళ్లైనా నాకు చేతకాదు.
జేబు మారిందే గాని డబ్బు ఇల్లు దాటలేదంటుంది చట్టం.
"ఇల్లా?" అన్నాడు.
"నాన్నని పూడ్చిన రోజు నుంచీ మాటల్లేవు.
పద్నాలుగేళ్లు.
చర్చిలో ఆవిడ ఎడమ వైపు కూర్చుంటే నేను కుడి వైపు.
బేరం కూడా లాయర్లే ఆడారు.
అయినా ఆవిడేం మా అమ్మ కడుపున పుట్టలేదు."

తండ్రి ఒక్కడైతే చాలునని ఉంది, అన్నాను.
సగం రక్తమూ రక్తమే.
బావమరిది పరాయివాడు, వదిన పరాయిది,
మేనమామకీ పినతండ్రి కొడుక్కీ అమ్మి
నష్టం దర్జాగా రాసుకోవచ్చు.
పలకరింపులున్నాయా అని మాత్రం
ఏ గడీ అడగదు.

"మరి నా ముప్పై వేలు ఎటు పోయినట్టు?"
ఎటూ పోవు, ఆ పొలంలోనే ఉంటాయన్నాను.
దుంపలు తవ్వేసిన చేలో ఏం మిగులుతుందో
నీకేం తెలుసన్నట్టు చూసి
మెట్లు దిగిపోయాడు.

ఆరేళ్లకి, మళ్లీ మార్చిలోనే, డెల్ఫీన్.
అదే గడ్డం, అదే కుర్చీ.
మళ్లీ నా బల్ల చిన్నదైపోయింది.
పొలం సోలార్ కంపెనీ వాళ్లు కొన్నారట
డెబ్బై ఐదు వేలకి.
ఇరవై ఐదు లాభం, పన్నెంతో చెప్పమంది,
చెక్కుబుక్కు ముందే తెరిచి పెట్టుకుని.

ఆగండి, అన్నాను.
మీ అన్నకి చెల్లని నష్టం
మీ లాభానికి అడ్డం నిలబడుతుంది.
ఆయన ఎంతకి కొన్నాడో రుజువు కావాలి, అంతే.
"నీ దగ్గర ఉండదా?"

ఉంది. ఆమె మోకాలికి జానెడు దూరంలో,
కింది సొరుగులో ఉంది.
ఒకరి లెక్క ఒకరి చెవిన వేయకూడదన్నది
వేరే చట్టం.
ఆయన్నే అడగాలి, అన్నాను.

చెక్కుబుక్కు మూసింది. తెరిచింది.
"పన్నే కట్టిపారేస్తే?"
కట్టెయ్యొచ్చు. ఎవరూ ఆపరు.

కింద కారులో
వైపర్లు ఆడుతూనే ఉన్నాయి.
చెవి దగ్గర ఫోను, ఇరవై నిమిషాలు.
పెదాలు కదిలాయో లేదో,
అద్దానికి ఆవిరి పట్టేసి నాకు కనపడలేదు.

శుక్రవారం ఒక కవరు తెచ్చింది, విప్పకుండా.
విత్తనాల కంపెనీ కవరు, పాత అడ్రసు కొట్టేసి ఉంది.
"నువ్వే విప్పు."
లోపల కొన్ననాటి కాగితం, నాలుగు మడతలు,
మడతల్లో మన్ను.
వెనకవైపు పెన్సిల్‌తో, ఫ్రెంచిలో:
ఉత్తరం మూల నీళ్లు నిలుస్తాయని
కొన్నవాళ్లకి చెప్పావా?

కాగితం ఆమెకిచ్చి లెక్కలో పడ్డాను.
ముప్పైలోంచి ఇరవై ఐదు.
పన్ను పడే లాభం సున్న.
మిగిలిన ఐదు వేలూ
అన్నవి కావు, చెల్లెలివి కావు,
వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికి లేదు,
ఏ గడిలోనూ పట్టవు.
ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను,
ఇలా మిగిలినవాటిని ఏం చేయాలో
నాకు ఎవరూ చెప్పలేదు.

డెల్ఫీన్ ఆ రెండు పంక్తులూ
రెండోసారి చదువుతోంది.
"చెప్పలేదు" అంది.
నాతో కాదు.