పావురాల గూట్లో ఫస్ట్ క్లాస్

గ్లాస్గోలో పాత రికార్డుల గది పదింటికి తెరుస్తారు.
పెన్ను బయట పెట్టాలి, లోపలికి పెన్సిలే.
గొంతులు కూడా బయటే పెట్టి వచ్చినట్టుంటారు జనం.

మూడేళ్లుగా నేను వెతుకుతున్నది ఒక్కటే:
ముప్ఫై నాలుగులో నీళ్లలోకి దిగిన ఇంచ్‌మార్లో ఓడలో
చుట్ట కాల్చుకునే గది
గోడల రంగు.

ఓడ బరువు తెలుసు. బాయిలర్లెన్నో తెలుసు.
ప్రొపెల్లర్ మీద నాలుగు వందల పేజీలు రాసిన పెద్దమనిషి
తాను కూర్చున్న కుర్చీ గుడ్డ ఏ రంగో రాసుకోలేదు.
ఫొటోలన్నీ నలుపూ తెలుపూ.
పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టుంది వాటిల్లో గది,
ఒక్క బూడిద పలుకు లేదు.

చిట్టాలో ఉంది:
సికమోర్ పలకలు నాలుగువందల పన్నెండు,
జిగురు ఆరు పీపాలు,
కొంగలు పొదిగినందుకు మిస్ బెథియా లాకీకి పదకొండు పౌన్లు.

కంపెనీ కరపత్రంలో ఉంది: "సంధ్యా వర్ణం".
ఏ ఊరి సంధ్య?
ఇక్కడ నవంబరులో అది మూడున్నరకే వచ్చి
తడిసిన గోనెసంచిలా పడి ఉంటుంది.

ఓడను ముక్కలు చేసి అమ్మిన జాబితా, చివరి కాగితం:
రెండువందల పందొమ్మిదో లాటు. చెక్క, పాతది.
కొన్నవాడు క్వారియర్, పోర్ట్ గ్లాస్గో.
పక్కన ఎవరో గుమాస్తా చేతిరాత: పావురాలకట.

కొండెక్కాను. వాన అడ్డంగా కొడుతోంది.
మనవడు ఫెర్గస్ తలుపు తీశాడు.
రెట్టల ఘాటు, మొక్కజొన్నల వాసన,
వాటి అడుగున ఎక్కడో ఆరిపోయిన చుట్ట,
లేదా నాకు అలా అనిపించింది.
గోడ మీద పడమటికి ఎగురుతూ పదిహేడు కొంగలు,
ముత్యపు చిప్ప కళ్లు.
వాటి ముందు తమ పనిలో తామున్న పావురాలు.

"దొరల గది అనేవాడు మా తాత.
ఇందులో పక్షులు మర్యాదగా ఉంటాయట."
ఉంటాయా?
"రెట్ట మాత్రం అందరి లాగే వేస్తాయి."

ఒక్క పలక విప్పి చూడనిమ్మన్నాను.
కుదరదన్నాడు.
"ఆ అరలో ఆవిడ పొదుగుతోంది.
పద్దెనిమిది రోజులు పోయాక రా."

మూడేళ్లు ఆగినదాన్ని.
పందొమ్మిదో రోజున వెళ్లాను.
పిల్లలు రెండు, చూడ్డానికి తడి అల్లం ముక్కల్లా.
అర కింద ఇనప బిగింపు మరలు తీశాడు.
వాళ్ల తాత బిగించిననాటి నుంచీ గాలి తగలని చోటు,
బొటనవేలంత.

వెండిరేకు మీద పలచని లక్క.
ఆకుపచ్చ. కాదు, తల వంచితే వంకాయ రంగు.
ఇంకొంచెం వంచితే రెండూ కావు.
తెచ్చిన రంగుల పట్టీ అంతా తిరగేశాను,
మూడొందల పేర్లు, ఒక్కటీ అతకలేదు.

ఫెర్గస్ టార్చి పట్టుకుని చూసి అన్నాడు:
"ఇది దాని మెడ కదా."

అది తల తిప్పింది.

బెథియా ఆ ఓడ ఎప్పుడైనా ఎక్కిందా, చిట్టాలో లేదు.
ఆమెకు పావురాలుండేవేమో, అదీ లేదు.

ఫారంలో రంగుకు ఇచ్చిన గడి అగ్గిపెట్టె అంత.
పెన్సిలుతో రాశాను: కదిలితే మారుతుంది.

బిగింపు ఏం చెయ్యమంటావన్నాడు.
పిల్లలకు అర కావాలి.
ఎక్కడిది అక్కడే బిగించమన్నాను.