ముప్ఫై మిల్లీలీటర్లు

డిసెంబరు ఇరవై మూడు. గీలాంగ్‌లో ముప్ఫై ఎనిమిది డిగ్రీలు.
బాటిల్ షాపులో చల్లగా ఉందని
అవసరానికి మించి తిరుగుతున్నాను.
రోజంతా జనం తెచ్చిన చీటీలు చదివే నాకు
సాయంత్రం కిరీటి రాసిచ్చిన ఇంకో చీటీ.
మన భాష గడుసుది:
కౌంటర్ మీద నేనిచ్చేదీ మందే,
ఇప్పుడు ట్రాలీలోకి ఎత్తేదీ మందే.

విస్కీ రెండు, ఒకటి చూపించడానికి, ఒకటి పోయడానికి.
జిన్ను. వోడ్కా, రంగూ వాసనా లేకుండా
పెళ్లిచూపుల్లో కూర్చున్నవాడంత బుద్ధిమంతుడు.
రమ్ము ఎదురింటి మావిస్ కోసం.
దగ్గుకంటుంది ఆమె. ఆ దగ్గు నేనింతవరకూ వినలేదు.
టానిక్ డజను. ఎప్పుడూ ముందు అయిపోయేది అదే.
ఐసు నాలుగు సంచులు,
ఇల్లు చేరేసరికి మూడున్నర.

మా తాత తాళ్లెక్కేవాడు.
లొట్టి మీది నురగ వాసన చూసి
ఏ చెట్టు కల్లో చెప్పేవాడు.
ఆయన మనవరాలు మూత తీయని సీసాల వెనక
సన్నక్షరాల్లో శాతాలు వెతుకుతోంది.

చీటీ చివర రెండు గీతలు గీసి: బిట్టర్స్.
అరచేతిలో ఇమిడే సీసా,
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా.
నలభై నాలుగు పాయింట్ ఏడు శాతం.
చుక్కలే కదా అంటారు అందరూ.
చేతిలో కాసేపు ఉంచుకున్నాను.
తిరిగి అరలో పెట్టేశాను.

మా వీధిలో ఒకాయన ఉన్నాడు.
పేరు ఈ కాగితం మీద కూడా రాయను,
ఏ వైపు ఇల్లో కూడా చెప్పను.
అక్టోబరు నుంచీ షాపు మూసేవేళకి వస్తాడు,
వెనక ఎవరూ లేరని చూసుకుని చీటీ తీస్తాడు.
ఆ బిళ్ల వేసుకున్నవాడికి
చెంచాడు పడినా మొహం జేవురిస్తుంది,
గుండె డప్పు కొడుతుంది.
చెప్పాల్సినవి చెప్పాను: దగ్గుమందు జాగ్రత్త,
నోరు పుక్కిలించే నీళ్లు జాగ్రత్త, పుడ్డింగులో బ్రాందీ జాగ్రత్త.
తలూపాడు. "క్రిస్మస్," అన్నాడు,
పరీక్ష తేదీ చెప్పినట్టు.

"బిట్టర్స్ ఏదీ?"
"మర్చిపోయాను."
పన్నెండేళ్లలో నేను ఉప్పు కూడా మర్చిపోలేదని తెలిసినవాడు
ఓ క్షణం చూసి
నిమ్మకాయలు కోయడంలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే బెల్లం కరిగించాను.
శొంఠి, మిరియాలు, రెండు యాలకులు.
రాత్రే కలిపితే ఈ ఎండకి పులుస్తుందేమోనని భయం.
గుడ్డలో రెండుసార్లు వడకట్టి సోడా పోస్తే
అచ్చం విస్కీ రంగు.

సాయంత్రం వీధంతా మా పెరట్లో.
నేను పోస్తుంటే నవ్వారు:
కొలగిన్నెని కంటి ఎత్తుకి లేపి
ముప్ఫై గీత దగ్గర ఊపిరి బిగబట్టేదాన్ని చూసి.
ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో.
"నీకేం పోయను?" కిరీటి సీసా ఎత్తి అరిచాడు.
అప్పటికే నేను బరువైన గ్లాసు ఆయన చేతిలో పెట్టేశాను,
పెద్ద ఐసుముక్క, నారింజ తొక్క,
అందరి గ్లాసుల్లాంటి గ్లాసు.
వాసన చూశాడు. నన్ను చూశాడు.
గొంతు తగ్గించి అడిగాడు:
"భోజనానికి ముందా, తర్వాతా?"
"ఎప్పుడైనా," అన్నాను.

మావిస్ అది చూసి తనకూ అదే కావాలంది,
కొంచెం రమ్ము వేసి.

అర్ధరాత్రి కిరీటి గ్లాసులు కడుగుతున్నాడు.
ఒకదాని దగ్గర ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని
"శొంఠి," అన్నాడు.
నేను తుడుస్తున్న బల్లనే తుడుస్తున్నాను.
ఇంకేమీ అడగలేదు.
కడిగి, మిగతావాటి మధ్యలో
బోర్లించాడు.