పూసిన బొంగు

పెండ్లై వచ్చేటప్పుడు తాడ్వాయి నుంచి ఓదెలవ్వ
ఒక వెదురు పిలక తెచ్చుకుంది,
తడిగోనెల చుట్టి, బస్సుల కాళ్ల నడుమ పెట్టుకొని.

హన్మకొండ మేదరివాడల, దొడ్డెనుక
నలభై ఒక్క ఏండ్లు ఒక్క పువ్వు పుయ్యలే.
పిలకలే, ఏటేటా పిలకలే.
చాటలైనయి, గంపలైనయి,
బతుకమ్మకు సిబ్బిలైనయి.

ఈ మాఘంల పొద్దున లేస్తే
కణుపు కణుపుకు ఎండుగడ్డి రంగు కంకి.
అవ్వ చేతిల చీపురు జారింది.
"ఓ నా తల్లీ, సావుకు ముహూర్తం పెట్టుకున్నవా!"

మాపటికి తమ్ముడు సారయ్య ఫోను:
"అక్కా, మన గుట్ట మీద బొంగంత పూసింది.
ఒక్క పొద మిగల్లే."

నడుమ మూడు గంటల బస్సు తొవ్వ.
ఎవరు చెప్పిండ్రు దీనికి?
"నేను పుట్టిన తారీఖు నాకే ఎరుక లేదు,
ఇది ఏ వేర్ల కొంగున ముడేసుకున్నదో!"

ఎలుకలొచ్చినయి. పిచ్చుకలు, చీమలు.
నేను కట్టె పట్టుకుంటే ఆపింది:
"తిననియ్యి బిడ్డా.
అన్ని కడుపులు నిండినంక మిగిలిందే మొలిచేది.
అందుకే అట్ల కుమ్మరిస్తున్నది."

పూసిన బొంగు వంచితే పుటుక్కుమంటది.
కత్తిని చూరుల చెక్కి
ఓదెలవ్వ పాత చీర పరిచి కూసుంది.
సోలెడు వెదురు బియ్యం వండి
నాకూ ఒక ముద్ద పెట్టింది. కొంచెం వగరు.

వానకాలం. పగిలిన బకెట్ల
గరికంత మొలక.
కోళ్లు పొడవకుంట మీద గంప బోర్లించింది,
దాని తల్లితోని అల్లిన గంప.