పొట్టేళ్ళ తేదీ

ముందు మేక జబ్బు గురించే అడిగింది.
"బక్కది అక్కా, రెండ్రోజులుగా నెమరు వెయ్యడం లేదు" అంది దులంసురెన్
సిగ్నల్ అందే ఆ ఒక్క గుట్ట మీద నిలబడి.
నేను మనుషులకే మందిస్తానని ఆమెకు తెలుసు.
మా ఇద్దరి మధ్యా గాలి చాలాసేపు మాట్లాడింది.
చివరికి,
"మేక సంగతి కాదు" అంది.

నెల తప్పి ఎన్నాళ్ళయింది?
తెలీదు.
తెలీదంటే?

ఆ పిల్లకు తన మందలో నాలుగువందల పన్నెండు తలలూ తెలుసు.
ఏది తొలిచూలుదో, ఏది కవలల్ని వేస్తుందో,
పొట్టేళ్ళకు కట్టిన ఉన్ని గోచీలు ఏ పూట విప్పారో
అన్నీ నోటిమీదే.
డేరాలో, పొయ్యి వెనకాల వేలాడే కేలండర్లో
ఆ రోజు చుట్టూ ఎర్రటి సున్నా.
అక్కణ్ణించి ఐదు నెలలు లెక్కేసి
మొదటి గొర్రె ఎప్పుడు ఈనుతుందో పందెం కాస్తుంది.
తన తేదీ దగ్గర మాత్రం
కాగితం తెల్లగా ఉంది, బయటి గోబీలాగే.

సరే, చివరిసారి నెలసరి వచ్చినప్పుడు
మీరేం చేస్తున్నారు?
"మకాం మారుస్తున్నాం.
ఒంటె మీదికి పెట్టె ఎత్తుతుంటే నడుం లాగింది."
మంచు పడిందా?
"రెండో మంచు. పల్చగా."
ఆ రోజు నా మోటార్ సైకిల్ వాగులో జారింది,
అందుకే నాకు గుర్తుంది.
ఎనిమిది వారాలు, అటూ ఇటూగా.

"తెల్లనెల పండుగ వెళ్ళాక వస్తానక్కా.
కడుపు కనపడే దాకా ఎవరికీ చెప్పొద్దంది అత్త."

కొత్త ఏడాది పండుగకి ఇంకా ఆరు వారాలుంది.
ఆరూ ఎనిమిదీ ఎంతో నువ్వే చెప్పు.
పన్నెండు దాటకముందే మొదటిసారి చూపించుకోవాలి.
ఎవరికీ చెప్పకు, మంచిదే.
ఆసుపత్రి ఎవరి పెదవీ కాదు.
చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూస్తారు,
సీసాలో కాస్త రక్తం పడతారు,
ఇంట్లో ఎవరికి ఏ జబ్బని, ఇంతకుముందు ఏమైనా పోయాయా అని
విసుగొచ్చేలా అడుగుతారు. అన్నీ నిజం చెప్పు.
గులాబీ రంగు అట్ట పుస్తకమొకటి చేతికిస్తారు,
మొదటి పేజీలో నీ పేరు.

నేను ఐదో నెలలో వెళ్ళాను.
నా పుస్తకంలో రెండు పేజీలే రాశారు.
ఆ మాట ఫోన్లో అనలేదు.
భయపెట్టి రప్పించడం నాకు చేతకాదు.

ఎల్లుండి మాత్రలు పట్టుకుని వాళ్ళ డేరాకి వెళ్ళాను.
త్సెర్మా ముసలమ్మ ఉప్పు టీ పోస్తూ నా వైపు చూడలేదు.
"ఇంకా వేవిళ్ళైనా తగ్గలేదు, అప్పుడే చాటింపా?"

అమ్మా, నీ గొర్రెకి
పొట్ట నేలకి తగిలాకే గడ్డి వేస్తావా?

నవ్వలేదు. ఒప్పుకోనూ లేదు.
పొయ్యిలో ఇంకొక పిడక వేసింది.

గురువారం బొగ్గు లారీ వస్తుందన్నారు. రాలేదు.
శనివారం వచ్చింది గానీ ముందు సీట్లో డ్రైవరు బావమరిదికి పంటినొప్పి.
సోమవారం నేనే వెళ్ళి
పశువుల డాక్టరు కాళ్ళావేళ్ళా పడి జీపు అడిగాను.
డెబ్బై కిలోమీటర్లు. "మనిషి కోసమా?" అని రెండుసార్లు అడిగాడు.

బయల్దేరేటప్పుడు ముసలమ్మ బయటికొచ్చింది.
కోడలి నడుం చుట్టూ తన గొర్రెతోలు కోటు చుట్టి
బెల్టు తనే కట్టింది, వదులుగా.
ఆపైన చంకలోంచి దేన్నో జీపు వెనక్కి తోసింది.

ముందు సీట్లో దులంసురెన్,
ఒళ్ళో గుర్తింపు కాగితం.
వెనకాల
బక్క మేక,
నిజంగానే నెమరు వెయ్యకుండా.